కొవ్వు రాసిన పలకలు

మా రేవులో పడవ దించడమంటే ఆరుగురు మగాళ్ళ పని. ఒడ్డున దుంగలు పరిచి, వాటికి గొర్రె కొవ్వు దట్టంగా రాసి, కట్లన్నీ ముందే విప్పేసి, ఒక్క కేకతో తోసేవాళ్ళం. ఆడవాళ్ళు ఇంట్లో చేపల పులుసు కాచి ఉంచేవారు. ఆ ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది బేపో, నేనూ. నా తుంటి సంగతి అడగొద్దు.

బేపో నలభై ఏళ్ళు దీవుల మధ్య టపా పడవ నడిపాడు. ఎవరినీ చిటికెడు సాయం కూడా అడగడు. అది పౌరుషమని అతనంటాడు, మొండితనమని నేనంటాను. సొంత చెక్క పడవను ఒంటరిగా దించలేకపోతే ఈ ఏడు అమ్మేయాల్సిందే. వేసవికి వచ్చే పంటి డాక్టరు ఒకాయన కొనడానికి కాచుకుని ఉన్నాడు. అందుకని కారు వెనక తగిలించి పడవను లాక్కెళ్ళే పాత ట్రైలర్ ఒకటి సంపాదించాడు బేపో. దాని మీద పడవను మోసే దిమ్మలు పుచ్చిపోయాయి. కొత్తవి కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"దించేటప్పుడు ఎంతమంది ఉంటారు బాబాయ్?" అన్నాడు దుకాణదారు నీనో.

"నేనొక్కణ్ణే."

"అయితే అన్నీ రోలర్లే వేయించుకో. ఇలా తోస్తే అలా జారుతుంది."

"రోలర్ ఒక్కచోటే నొక్కుతుందిరా. నాది ప్లాస్టిక్ డబ్బా కాదు, చెక్క. అడుగు సొట్టపోతుంది."

"మరి కార్పెట్ చుట్టిన పలకలున్నాయి. పొడుగునా మోస్తాయి. కానీ ట్రైలర్‌ని లోతు నీళ్ళలోకి దించితేగానీ పడవ కదలదు. మీ రేవులో లోతెక్కడిది?"

"అది నేను చూసుకుంటాలే."

చూసుకున్నాడు. కొత్త కార్పెట్ మీద వేలెడు మందాన గొర్రె కొవ్వు పూశాడు. మే నెలలో ఓ పొద్దున కారుతో ట్రైలర్‌ను వాలు మీద సగం దాకా దించి ఆపాడు. పాత అలవాటు ప్రకారం పడవను పట్టి ఉంచిన పట్టీ విప్పబోయాడు.

అతని భార్య టోంకా కిటికీలోంచి అరిచింది. "ఏమయ్యా, నీళ్ళు అంత దూరముంటే ఇప్పుడే విప్పుతావేంటి?"

"నువ్వెళ్ళి పులుసు చూడు."

పట్టీ ఊడిందో లేదో, పడవ సర్రున జారి సిమెంటు మీద కూలబడింది. అడుగున ఒక చెక్క చిట్లింది. నాకు నవ్వొచ్చింది. అతని మొహం చూశాక సిగ్గేసింది.

టోంకా చేతులు తుడుచుకుంటూ వచ్చి పగులు తడిమింది. "ఒక్క చెక్కేగా. మార్చుకోవచ్చు."

"అమ్మేద్దాం. ఒక్కడి వల్ల కాదిది."

"ఒక్కడివే చెయ్యమని ఎవరు ఏడ్చారు? పెళ్ళైన దగ్గర్నుంచీ పులుసు దగ్గరే నిలబెట్టావు. ఆ పట్టీ పట్టుకోవడానికి నాకు చేతుల్లేవా?"

బేపో కూర్చుని కార్పెట్ మీది కొవ్వు గీకడం మొదలుపెట్టాడు.

చెక్క మార్చాక మళ్ళీ దుకాణానికి వెళ్ళాం. ఈసారి టోంకా కూడా వచ్చింది. నీనో రోలర్లూ పలకలూ రెండూ తెచ్చి ముందు పెట్టాడు. "పడవ అడుగున పొడుగునా ఉండే వెన్నుదుంగ కింద రోలర్లు, పక్కలకు పలకలు వేద్దాం. బరువు గట్టిగా ఉండే ఆ వెన్ను మీదే పడుతుంది, పలకలు ఒరగనివ్వవు. కాకపోతే ఒకరు నీళ్ళలో ఉంటే ఇంకొకరు పట్టీ మెల్లగా వదలాలి. ఎంతమంది ఉంటారు?"

బేపో చేతిలోని రోలర్‌ను రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఇద్దరం," అన్నాడు.

పడవ దిగిన రోజు పులుసు నేను కాచాను. ఉప్పెక్కువైందని ఇద్దరూ తిట్టారు.