వంత కోసం వదిలిన ఖాళీ

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా బడి పిల్లలు అంటారు, నేనెక్కే బస్సు కండక్టరు అంటాడు. నన్ను పెంచిన పెద్దమ్మ అయితే ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే నా పేరు కన్నా ముందు ఇదే చెబుతుంది. ఆ రోజు మాత్రం నేను కోప్పడింది మొదట ఒక లాప్‌టాప్ మీద, తర్వాత పెద్దమ్మ మీద. లాప్‌టాప్ సంగతి సరే. పెద్దమ్మని అన్న మాటకి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అయినా ఆ రోజుకి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

మాది నందిగామ. నేను పని చేసేది జగ్గయ్యపేటలో, ప్రభుత్వ బడిలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాను. ఇంట్లో నేనూ పెద్దమ్మా, ఇద్దరమే. నేను ఆరో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. అప్పటినుంచి అమ్మ అక్క అయిన ఈవిడే నాకు అన్నీ. చందర్లపాడు వైపు చేలల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి నన్ను టీచర్ని చేసింది. తనకి చదువు రాదు. కానీ పాటలు కడుతుంది. చర్చిలో పాటల పుస్తకంలో ఉండేవి కావు. పత్తి సాళ్లలో నడుస్తూ, దేవుడు పక్కనే నడుస్తున్నట్టు ఆయనతో మాట్లాడుతూ కట్టుకున్నవి. అందులో ఒక్కటీ కాగితం మీద లేదు.

ఆ పాటలకి ఒక పద్ధతి ఉంది. ఈ సాలులో మనిషి ఒక చరణం అని ఆగితే, పక్క సాలులో మనిషి వంత అందుకోవాలి. ఈవిడ "పొద్దు పొడవకముందే లేపావయ్యా, పత్తి తీసే నా ఒడి నింపావయ్యా" అంటే, అవతల నుంచి "నింపావయ్యా, తండ్రీ, నింపావయ్యా" అని రావాలి. ఆ పక్క సాలు మనిషి ఎప్పుడూ ఒక్కరే, మా పక్కింటి అత్తయ్య. మాకేమీ చుట్టం కాదు, వరసకి పెద్దమ్మ ఆవిడని వదినా అంటుంది కాబట్టి నాకు అత్తయ్య. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ.

రెండేళ్ల కిందట అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ మూతి ఒక పక్కకి లాగేసింది, మాట ముద్దగా వచ్చేది. అంతే, ఆవిడ ఎవరి ముందూ నోరు తెరవడం మానేసింది. పెద్దమ్మ వెళ్లి మంచం పక్కన కూర్చున్నా మొహం గోడవైపు తిప్పుకునేది. ఈవిడ కాసేపు కూర్చుని, దుప్పటి సర్ది వచ్చేసేది. ఆ రోజుల్లో ఇంట్లో కూడా పెద్దగా పాడేది కాదు.

తర్వాత పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు. విజయవాడలో డాక్టరు గారు ఏదీ దాచకుండా చెప్పారు. "ఆపరేషన్ చేసి తీసేయాలి. ప్రాణానికి ఫర్వాలేదమ్మా. కానీ గొంతు నరం గడ్డని ఆనుకునుంది. మాట వస్తుంది. పాట సంగతి మాత్రం నేను మాటివ్వలేను."

తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు జామకాయలు కొనమంది. ఒకటి తుడుచుకుని కొరుకుతూ, "పోన్లే, చాలానే పాడాగా" అంది. ఆ గొంతు వింటూ పెరిగినదాన్ని. అది పోతే నాకు మిగిలేదేమిటని ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆపరేషన్ లోపు ఆ పాటలు రికార్డు చేసి తీరాలనుకున్నాను. ఒక మైకు కొన్నాను. మా బడిలో కంప్యూటర్లు చెప్పే సారు నా లాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ వేసిపెట్టి, "ఎర్ర గుండ్రం నొక్కితే రికార్డవుతుంది మేడమ్, పక్కన త్రిభుజం నొక్కితే వినపడుతుంది, అంతే" అన్నారు. అంతే అన్న మాట నమ్మాను. పరీక్షల పనిలో నేను కొన్ని రోజులు, "రేపు పాడతాలే" అంటూ పెద్దమ్మ కొన్ని రోజులు వాయిదా వేశాం. చివరికి ఆసుపత్రిలో చేరాల్సిన రోజే మిగిలింది. మధ్యాహ్నం రెండింటికి బస్సు.

పొద్దున తొమ్మిదికి తలుపులేసి, ఫ్యాను ఆపి కూర్చోబెట్టాను. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, కొంగు సర్దుకుని, మైకుకి నమస్కారం పెట్టి మొదలెట్టింది. చరణం అయ్యాక ఆగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ అందుకుంది. మళ్లీ ఆగింది. నేను ఆపించాను.

"ఏంటి పెద్దమ్మా, మర్చిపోయావా?"

"మర్చిపోవడవేంటి? అక్కడ వంత రావాలిగా."

"ఇప్పుడు వంత ఎవరంటారు? ఆగకుండా పాడు."

"అట్టా రాదమ్మాయ్. ఆగకపోతే తర్వాత ముక్క నోటికి రాదు నాకు."

సరే, ఆ ఖాళీలన్నీ తర్వాత నేనే కోసేస్తానన్నాను. కోయడం ఎలాగో ఆ సారు చూపించారు. ఆవిడ నా వంక ఒకలా చూసింది గానీ, మూడు పాటలు వరసగా పాడింది. మధ్యలో గడ్డ అడ్డుపడి రెండుసార్లు దగ్గింది. తెర మీద ఆకుపచ్చ గీతలు లేస్తూ పడుతూ కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ పాడుతుంటే లేచేవి, ఆగితే చదునైపోయేవి.

అయ్యాక చెవులు మొత్తం మూసుకుపోయే హెడ్‌ఫోన్లు పెట్టుకుని త్రిభుజం నొక్కాను. ఏమీ వినపడలేదు. గీతలు కదులుతున్నాయి, పాట నడుస్తోంది, శబ్దం మాత్రం లేదు. వాల్యూమ్ పెంచాను. హెడ్‌ఫోన్ల వైరు పీకి మళ్లీ పెట్టాను. మ్యూట్ ఏమన్నా నొక్కానా అని ఒక్కో బొత్తామూ చూశాను. సారుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వీడియోల్లో ఎవరో చెప్పినవన్నీ చేశాను. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. అయినా అదే వరస. కిందటి శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు ఇదే లాప్‌టాప్ వీధంతా వినపడేలా పాడింది, ఈ రోజే దీనికేం రోగమొచ్చిందని తిట్టాను.

రికార్డే సరిగా కాలేదేమోనని పెద్దమ్మ చేత మొదటి పాట మళ్లీ పాడించాను. గొంతు పట్టుకుని పాడింది. మళ్లీ వినపడలేదు. పన్నెండు దాటింది. ఇంకొక్కసారి అన్నాను. ఆవిడ గుక్కెడు నీళ్లు తాగి, తల అడ్డంగా ఊపింది. ఊపి, చెవి గోడవైపు పెట్టింది.

"అమ్మాయ్, ఎక్కడో నా గొంతులాగే వినపడతందే."

నేను హెడ్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి కూడా తీయలేదు. "నీకు గొంతే కాదు పెద్దమ్మా, చెవులు కూడా పోయినయ్!" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ గడ్డ మీద చెయ్యి వేసుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. నాకు ఆ చెయ్యి చూసి ప్రాణం చచ్చిపోయింది. ఏం చేయాలో తోచక త్రిభుజం మళ్లీ నొక్కాను.

అప్పుడే తలుపు దబదబా కొట్టారు. పక్కింటి అత్తయ్య కోడలు.

"అక్కా, ఒక్కసారి రా. మా అత్తమ్మ... నువ్వే వచ్చి చూడు."

ఏమైపోయిందోనని హెడ్‌ఫోన్లు అక్కడే పడేసి పరిగెత్తాను. వెనక పెద్దమ్మ. వాళ్ల వెనక గది గుమ్మం దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. మంచం పక్కన ముక్కాలిపీట మీద మా కూటాల స్పీకరు, నీలం లైటు వెలుగుతూ. అందులోంచి పెద్దమ్మ పాడుతోంది.

మా వీధిలో ప్రతి శుక్రవారం ఒక ఇంట్లో ప్రార్థన కూటం. అందరికీ కలిపి ఒకటే స్పీకరు, వైరు లేనిది. ఏ ఇంటి వంతు వస్తే ఆ ఇంటివాళ్లు ముందే పట్టుకెళ్లి చార్జింగు పెట్టుకోవాలి. కిందటివారం మా వంతు, ఈ వారం వాళ్లది. మా ఇంట్లో ఉన్నప్పుడు లాప్‌టాప్‌ని దానికి కలిపి, విడదీయడం మర్చిపోయాను. పొద్దున ఈ కోడలు మంచం దగ్గరే ప్లగ్గు ఉందని అక్కడ పెట్టి, ఆన్‌లో ఉందో లేదో చూసుకోలేదు. నేను నొక్కిన ప్రతిసారీ పాట గోడ దాటి ఇక్కడ మోగింది.

"ఏదో కూటానికి పెట్టిన పాటనుకున్నా అక్కా. వంటింట్లోంచి వచ్చి చూస్తే మా అత్తమ్మ..." అని గొంతు తగ్గించింది. "విను."

స్పీకర్లో చరణం అయింది. నేను కోసేస్తానన్న ఖాళీ వచ్చింది. మంచం మీద నుంచి, వంకరపోయిన నోటితో, "నిం...పాయ్యా... తంరీ..." అని వచ్చింది. అక్షరాలు సరిగా లేవు. కానీ పెద్దమ్మ ఎంత ఖాళీ వదిలిందో వంత సరిగ్గా అంతే ఉంది. అది పూర్తవగానే స్పీకర్లో రెండో చరణం మొదలైంది.

పెద్దమ్మ లోపలికి అడుగు పెట్టలేదు. పెడితే మళ్లీ మొహం తిప్పుకుంటుందని భయం. గుమ్మం పట్టుకుని పాటంతా నిలబడే విన్నది. పాట అయ్యాక అత్తయ్య ఇటు చూసింది. మొహం తిప్పుకోలేదు. ముద్ద మాటలతో, ఒక్కొక్కటే కూడదీసుకుంటూ అడిగింది.

"పొద్దుట్నించీ... మజ్జలో... ఆపేస్తన్నావేంటే?"

"నేను కాదొదినా, ఇదిగో ఈ టీచరమ్మ" అంది పెద్దమ్మ. అని వెళ్లి మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. నేను మాత్రం ఉట్టిగా ఏడ్చాను. పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, చెవుల మాట అన్నందుకు తప్పయిపోయిందన్నాను. "నీ నోరు నాకు కొత్తా?" అంది.

బస్సు టైమయ్యేదాకా ఆ మూడు పాటలూ మళ్లీ మళ్లీ పెట్టాను. అత్తయ్య ప్రతి ఖాళీలోనూ వంత అంది. బయల్దేరే ముందు లాప్‌టాప్ సెట్టింగుల్లో శబ్దం స్పీకరుకి కాకుండా హెడ్‌ఫోన్లకి వెళ్లేలా మార్చి చూశాను. ఒక్క నొక్కు, అంతే పని. పాటలన్నీ శుభ్రంగా ఉన్నాయి, దగ్గులతో సహా.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్దమ్మ నా ఎదురుగా తిరుగుతోంది, నన్ను తిడుతోంది, అంతకన్నా ఏం కావాలి. మాట బొంగురుగా వస్తుంది. పాట రాదు. డాక్టరు గారికి, ఫోన్ ఎత్తని మా సారుకి, ఆన్‌లో ఉందో లేదో చూసుకోని ఆ కోడలికి, నా తెలివితక్కువతనానికి, అందరికీ మనసులో దండం పెట్టుకున్నాను. ఆ సెట్టింగు నాకు పొద్దున్నే తెలిసుంటే పాటలు నా చెవుల్లో మోగి అక్కడితో ఆగిపోయేవి. ఖాళీలు కూడా కోసేసి ఉండేదాన్ని. మా వీధి ఆడవాళ్లు స్పీకరు అత్తయ్య దగ్గరే ఉంచేశారు. కూటాల్లో మళ్లీ డోలక్కూ తాళాలూ తీశాం.

నేను సెట్టింగు మళ్లీ పాతదానికే మార్చేశాను. చదువు రాని మనిషి కదా అని, నొక్కాల్సిన మీట మీద ఎర్ర గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. రోజూ నేను జగ్గయ్యపేట నుంచి వచ్చేసరికి పెద్దమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటుంది. అవతల కోడలు స్పీకరు ఆన్ చేసి గోడ మీద రెండుసార్లు తడుతుంది. ఈవిడ చుక్క నొక్కుతుంది. మా గదిలో శబ్దం ఉండదు, గోడవతల నుంచి సన్నగా వినిపించేదే. గీతలు లేస్తూ పడుతూ వెళ్లి, ఒకచోట చదునవుతాయి. పెద్దమ్మ ఊపిరి బిగబట్టి గోడవైపు చూస్తుంది. వంత వస్తుంది. అప్పుడు నా వైపు తిరిగి, ఆ బొంగురు గొంతుతోనే, "కోసేస్తానన్నావుగా" అంటుంది.