ఎయిడెడ్ బడికి నేను పట్టిన మైకు

నా చదువు గురించి ఎవరడిగినా నేను తక్కువ చేసి చెప్పుకోను. ఏడో తరగతి రెండుసార్లు చదివాను, ఏడు రెండ్లు పద్నాలుగు, డిగ్రీకి ఒక్క ఏడాది తక్కువ అంటాను. మొన్న గ్రామ సచివాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికీ అదే చెప్పాను. ఆధార్ కార్డులో నా పుట్టిన తేదీ తప్పుపడి, కాగితం మీద నేను మా తమ్ముడికంటే మూడేళ్ళు చిన్నవాణ్ణయి కూర్చున్నాను. పింఛను రావాలంటే ముందు నాకు వయసు రావాలట, వయసు రావాలంటే చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తేవాలట. ఆ అమ్మాయి నా హాస్యానికి నవ్వలేదు. మర్యాదగా ఏ బడండీ అని అడిగింది, నేను పేరు చెప్పాను, ఆమె ఒకటికి రెండుసార్లు వెతికి, ఇప్పుడా పేరుతో బడి లేదండీ, ఇంకేదైనా బళ్ళో చదివారా అంది. నేను మొత్తం చదివిందే ఒక్క బడి, ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను? పాత రిజిస్టర్లు మండలాఫీసులో ఉంటాయేమో, అక్కడ అడగండని కూడా చెప్పింది పాపం. నేను మాత్రం మండలాఫీసు మాట మరిచి, ఆటో ఎక్కి ముక్త్యాల రోడ్డు మీద మా బడి ఉన్నచోట దిగాను.

గేటుకు తాళం వేసి ఉంది. లోపల మేం ప్రార్థనకు నిలబడ్డ స్థలం నిండా ఎవరో వ్యాపారి మిరపకాయలు ఆరబోశాడు. గోడ మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరపకాయల ఘాటనే అనుకోండి.

ఎయిడెడ్ బడి అంటే మన తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు గానీ, ఈ పేజీ పొరపాటున ఏ చిన్నవాళ్ళ కంటైనా పడితే వాళ్ళ కోసం ఒక మాట చెబుతాను. మా బడికి స్థలమిచ్చింది ఊళ్ళో ఒక మోతుబరి, ఆలనాపాలనా చూసేది ఊరి కమిటీ, మాష్టార్లకు జీతమిచ్చేది సర్కారు, పిల్లలు కట్టే ఫీజు సున్న. పూర్తిగా సర్కారుదీ కాదు, ప్రైవేటుదీ కాదు, అందరిదీ. బదిలీలు లేవు గనక మాష్టార్లు అక్కడే జుట్టు నెరిసిపోయేదాకా ఉండేవారు. మా నాన్నకు ఎక్కాలు చెప్పిన మాష్టారే నాకూ చెప్పారు, నాన్నను కొట్టిన బెత్తంతోనే నన్నూ కొట్టారు. తాతముత్తాతల నుంచి మాకు సంక్రమించిన ఆస్తి ఏదన్నా ఉందంటే ఆ బెత్తమే.

ఆ బళ్ళో ఒక పద్ధతి ఉండేది, మరెక్కడా నేను చూడలేదు. జగ్గయ్యపేట నుంచి వచ్చే మొదటి బస్సులో పేపరు వచ్చేది. ప్రార్థన కాగానే ఒక పిల్లో పిల్లాడో వరండా ఎక్కి ఆనాటి వార్తలు చదవాలి. బాగా చదివేవాళ్ళను ఏరి నిలబెట్టడం కాదు, రోల్ నంబరు వరుసలో అందరూ ఎక్కాల్సిందే. మోతుబరి మనవడైనా, పత్తి చేలో కూలికెళ్ళేవాళ్ళ పిల్లైనా, నత్తివాడైనా, నాలాంటి వెకిలివాడైనా, వాడి నంబరొచ్చిన రోజు ఆ వరండా వాడిది. తడబడితే పెద్దమాష్టారు అందించేవారు కాదు, తొందరపెట్టేవారూ కాదు, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడేవారు. ఆయన నిలబడితే బడంతా ఎండలో నిలబడేది. నాకంటే రెండు తరగతులు పైన చదివే ఒక అమ్మాయి ఉండేది, చర్చి పక్క పేటలో కూలివాళ్ళ పిల్ల. తన వంతు వచ్చిన మొదటిసారి పేపరు గజగజ వణికి నాలుగు వాక్యాలకు పావుగంట పట్టింది. ఎవ్వరూ కిక్కురుమనలేదు, రేపు తమ వంతు ఉందిగా. నవ్వింది నేనొక్కణ్ణే. ఆ నవ్వుకు శిక్షగా వారం రోజులు పేపరంతా నా చేత చదివించారు పెద్దమాష్టారు. అది శిక్ష కాదని, నాకు జీవనోపాధి చూపించడమని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వారంలోనే ఒకనాడు, వార్తలు చప్పగా ఉన్నాయని, ఎండలు ముదిరినందున రేపటి నుంచి బళ్ళన్నీ మూసివేయబడునని ఒక వార్త సొంతంగా కలిపాను. పిల్లలంతా ఈలలు. పెద్దమాష్టారు నన్ను పూర్తిగా చదవనిచ్చి, అది ఏ పేజీలో ఉందిరా అని అడిగారు. రేపటి పేపర్లో సార్ అన్నాను. ఆయన కడుపారా నవ్వారు, ఆ తర్వాత బెత్తం తీశారు. రెండూ మనస్ఫూర్తిగానే చేశారు.

రెండోసారి ఏడో తరగతి సగంలో ఉండగా, సిమెంటు బస్తాలు మోసే మా నాన్న నడుం పట్టేసి మంచానపడ్డాడు. నేను నందిగామలో మైకు సెట్ల షాపులో చేరాను. పెద్దమాష్టారు ఇంటికి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి మా అమ్మ ఏదో చెప్పి పంపింది. రెండోసారి ఆయన సైకిలు దూరాన కనబడగానే నేను గడ్డివాము వెనక దాక్కున్నాను. ఆయన ఎండలో అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోవడం ఆ సందులోంచి చూశాను. నాలుగడుగులు వేసి నమస్కారం పెట్టి ఉంటే పోయేదేముంది? కొన్ని చిన్న పనులు ఆ పూట చెయ్యకపోతే ఇక జన్మలో చెయ్యలేం.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా మైకే నా బతుకు. ఆటోకు హారన్లు కట్టుకుని చీరల ఎగ్జిబిషను, చెప్పుల క్లియరెన్సు సేలు, కొత్త సినిమా, వేదాద్రి తిరునాళ్ళు, ఏదైనా సరే నా గొంతులోంచి వెళ్ళాల్సిందే. నా గొంతు వినబడితే కంచికచర్ల దాకా ఆడవాళ్ళు సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళని షాపులవాళ్ళే చెప్పేవారు. ఒకాయన సరుకు బాగోలేకపోయినా నీ గొంతు బాగుంటే చాలయ్యా అన్నాడు. దాన్ని పొగడ్త అనుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

కొన్నేళ్ళ కిందట, మరో రెండు వారాల్లో బళ్ళు తెరుస్తారనగా, పేపరు పట్టుకుని వణికిన ఆ అమ్మాయే నా మైకు షాపు మెట్లెక్కి వచ్చింది. అప్పటికామె మా బడికే హెడ్మిస్ట్రెస్సు. చదివిన బళ్ళోనే టీచరై, ఆ వరండాలోనే పిల్లల చేత వార్తలు చదివిస్తూ జుట్టు నెరిపించుకుంది. కాన్వెంటు బస్సులు ఊళ్ళోకి రావడం మొదలయ్యాక పిల్లలు ఏటేటా తగ్గారు, రిటైరైన మాష్టార్ల చోట కొత్తవాళ్ళు రాలేదు, ఈసారి రిజిస్టర్లో పేర్లు ఇంకా తగ్గితే ఉన్న టీచర్లను వేరే బళ్ళకు సర్ది ఈ బడి మూసేస్తారు. ఇదీ ఆమె చెప్పింది. మిగిలిన పిల్లలంతా పేటవాళ్ళు, క్వారీ పనివాళ్ళ బిడ్డలు. ఇది మూతపడితే ఆ తర్వాతి హైస్కూలుకు సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద మూడు కిలోమీటర్లు నడవాలి, ఆ రోడ్డున ఆడపిల్లను పంపం అని తల్లులు ముందే తేల్చి చెప్పారట.

"నాకేం తమ్ముడూ, ఏ బడికేసినా ఇదే జీతం వస్తది. ఆ పిల్లలకే ఇంకో బడి రాదు" అంది.

చేతిలో రెండు పేజీల కాగితం ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలు. మైకులో చెప్పాల్సిందంతా రాసుకొచ్చింది. నేను పైపైన చూసి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంత మెత్తని మాటలు మైకులో నిలబడవు టీచరుగారూ, వదిలెయ్యండి, నలభై ఏళ్ళుగా అమ్మినవాణ్ణి, బడి అమ్మలేనా అన్నాను. ఆమె నేను మడిచిన కాగితం వంక ఒకసారి చూసింది.

కిరాయి తీసుకోకుండా రెండు రోజులు తిరిగాను. నా అంత హుషారు నాకే ఆశ్చర్యం. "రండి బాబూ రండి! ఫీజు ఉచితం! పుస్తకాలు ఉచితం! యూనిఫారం ఉచితం! మధ్యాహ్నం అన్నం, గుడ్డుతో సహా ఉచితం! ఆలసించిన ఆశాభంగం!" మధ్యమధ్య కాన్వెంటుల మీద ఒక విసురు, పిల్లాడి మెడకు టై, తండ్రి మెడకు ఉరి అని. పత్తి గింజలు పెట్టి వస్తున్న ఆడవాళ్ళు ఆగి మరీ విన్నారు. పేటలో ఒక ముసలమ్మ సంచీతో పరుగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా ఇచ్చేది, చీరలా?"

"బడి అవ్వా. అంతా ఉచితం."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పళ్ళన్నీ ఊడినాక నాకెందుకురా బడి? గుడ్డేదో ఇచ్చిపో."

పేటంతా ఘొల్లుమంది. నేనైతే ఆటోలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. రెండోరోజు హెడ్మిస్ట్రెస్సు కూడా వచ్చి డ్రైవరు పక్కన కూర్చుంది. ఆమె నవ్వలేదు. పని గాభరాలో ఉంది కాబోలనుకున్నాను.

బడి తెరిచిన రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వరండాలో బల్ల, బల్ల మీద కొత్త రిజిస్టరు, దాని వెనక ఆమె, పక్కన స్టూలు మీద నేను. ఎంతసేపు చూసినా కొత్త మొహం ఒక్కటీ రాలేదు. కాసేపటికి పసుపుపచ్చ కాన్వెంటు బస్సు మలుపులో ఆగింది. ఊరిపిల్లలు ఎక్కారు, వాళ్ళ వెనకే కిందటి ఏడు దాకా మా బళ్ళో చదివిన నలుగురు ఆడపిల్లలు, బొడ్డు దాకా వేలాడే కొత్త టైలతో. అందులో ఒక పిల్ల మమ్మల్ని చూసి అలవాటుగా టీచరమ్మకు చెయ్యి ఊపబోయింది. వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. బస్సు వెళ్ళిపోయాక హెడ్మిస్ట్రెస్సు రిజిస్టరు మూసి, ఎండెక్కుతోంది, నువ్వెళ్ళు తమ్ముడూ అంది. అంతే, ఆనాటికీ ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నియమం ప్రకారం జరగాల్సింది జరిగింది. ఆమెను నందిగామకు అవతల ఎక్కడో వేశారు. బెంచీలు వ్యానులో ఎక్కి వెళ్ళిపోయాయి. పేట పిల్లల్లో మగపిల్లలు కొందరు ఆ మూడు కిలోమీటర్లు నడిచారు. ఆడపిల్లలు అయిదారుగురు తల్లుల వెంట పత్తి చేలకు నడిచారు. నా ఆటోకు ఎదురొచ్చినప్పుడు వాళ్ళు నన్ను గుర్తుపట్టి నవ్వేవాళ్ళు, ఉచితం మామ అని. ఆ పేరు నాకు బాగా అతికింది.

ఇప్పుడు మైకు పనీ లేదు. ఎవరో విజయవాడలో ఒకసారి మాట్లాడి రికార్డు చేస్తే, అదే గొంతు పది ఊళ్ళలో పది ఆటోల్లో తిరుగుతుంది. పొద్దున్నే నా గుమ్మం ముందు నుంచి పోతుంటే కూర్చుని వింటాను. తప్పేమీ లేదు, శుద్ధంగా ఉంటుంది. అయితే మా రోజుల్లో మైకుకు జవాబుండేది. నేనొకటి అంటే గుమ్మంలోంచి ఒక వదిన రెండంటించేది, చెరువుగట్టు మీంచి ఒక బావ మూడో మాట విసిరేవాడు, నేను ఆటో ఆపి నాలుగోది అందుకునేవాణ్ణి. ఇప్పుడీ గొంతును ఏమన్నా ఆగదు, తన మానాన తను చెప్పుకుంటూ పోతుంది. మా ఇంటావిడ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో నేను వేసే హాస్యాలు గోడకు తగిలి నా దగ్గరకే వస్తాయి. గుడ్డు అడిగిన అవ్వ కూడా పోయింది. బడులు మాత్రం ఊరికి రెండయ్యాయి, అన్నిటికీ బస్సులున్నాయి, ఏ బళ్ళోనూ నత్తి పిల్లాడి వంతు కోసం తక్కినవాళ్ళు ఎండలో ఆగుతున్నట్టు నేను వినలేదు. ఉందేమో, నాకు తెలియకపోవచ్చు, తెలిసినవాళ్ళు చెబితే సంతోషిస్తాను.

ఇంతసేపూ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటుంది. బడి మూతపడ్డ రెండు నెలలకు జగ్గయ్యపేట బస్టాండులో, కూతురి చెయ్యి దించిన ఆ తల్లి కనబడింది. పత్తి చేలో పనికెళ్ళి, ఆ కూలితోనే కాన్వెంటు ఫీజు కడుతోందని ఊళ్ళో అనుకునేవారు. నా నోరు ఊరుకోదుగా, ఏం చెల్లెమ్మా, ఊరికే ఇస్తామంటే వద్దని కొనుక్కున్నారుగా అన్నాను. ఆమె నెత్తి మీది మూట కిందికి దించింది, కొంగుతో మొహం తుడుచుకుంది, కోపం కూడా లేకుండా నా వంక చూసింది.

"రెండ్రోజులు మా పేటంతా తిరిగి ఉచితం, ఉచితం అని గొంతు పగిలేట్టు అరిచావు గదన్నా. అది మంచి బడి అని ఒక్కసారన్నా అన్నావా?"