నాలుగో డోలు

ఒమాన్ దేశంలో, రైసూత్‌లోని సిమెంటు గోదాములో తొమ్మిదేళ్లుగా బస్తాలు మోస్తున్న ఇస్తారికి ఆ బరువు అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కటే: ఏటా వానల పండుగకు మర్జూక్‌కు దొరికే మూడు వారాల సెలవు.

మర్జూక్ అదే గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పక్కనే ఉన్న సలాలా ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. అతని ముత్తవ్వను ఆఫ్రికా ఒడ్డు నుంచి ఓడలో తెచ్చి ఇక్కడ అమ్మారట. ఆమెతోపాటు దిగినవాళ్లు డోళ్లు కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ ఆడేవారు. వాళ్ల మనవలు ఇప్పటికీ ఆడుతున్నారు. పాటల్లో మిగిలిన స్వాహిలీ మాటల్లో సగానికి మర్జూక్‌కే అర్థం తెలియదు. అయినా పండుగొస్తే ఆ బృందాన్ని పిలిచి స్టేజీ ఎక్కిస్తారు. 2008లో మర్జూక్ డోలు వాయిస్తున్న ఫొటో పేపర్లో కూడా పడింది. మేనేజరు దాన్ని కత్తిరించి హాజరు మిషన్ పక్కన అంటించాడు. డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇస్తారి ఆ ఫొటో ముందు నిలబడక తప్పేది కాదు.

జగిత్యాల దగ్గరి పల్లెలో ఇస్తారి డప్పు కొడితే పక్క ఊళ్లు లేచి కూర్చునేవి. పీనుగ లేచినా, జాతర సాగినా అతని డప్పే ముందు నడిచేది. అన్నం వేళకు మాత్రం విస్తరి వాకిలి బయటే. అందుకే ఒమాన్‌లో దిగాక డప్పు మాటెత్తలేదు. రూమ్‌లో వాళ్లకు ఊళ్లో తాపీమేస్త్రీనని చెప్పుకున్నాడు. తానూ వాయించేవాడినేనని ఎవరైనా గుర్తుపట్టాలి, తన నోటితో మాత్రం చెప్పకూడదు. అతని కోరికంతా అదే.

"ఆయ్, ఫొటో వంక అలా చూస్తారేంటి ఇస్తారి గారూ? మేనమామ పోలికలేమైనా కనబడ్డాయాండి?" అన్నాడు గోదావరి జిల్లా గంగాధరం. ఇద్దరిదీ ఒకటే రూమ్.

"నీ నోట్ల మన్నువడ! గదొక వాయించుడా? చేతులతోని పిండి పిసికినట్టు" అన్నాడు ఇస్తారి. లోపల మాత్రం వేరే మాట రగిలేది: 'ఆని పెద్దలను అమ్మిన్రు, మమ్ముల దూరం పెట్టిన్రు. మరి ఆనికేమో మైకు, నాకేమో బస్తా.'

ఆగస్టులో ఒక శుక్రవారం డోళ్లు మోయడానికి మనుషులు కావాలని మర్జూక్ ఇద్దరినీ పికప్‌లో ఎక్కించుకుపోయాడు. మైదానంలో పొద్దుటి నుంచీ తుంపర. డోళ్ల తోలు నానిన అప్పడంలా మెత్తబడింది. మంట దగ్గర కూర్చుని వాటిని కాచే ముసలాయనకు ఆ రోజు జ్వరం. మర్జూక్ ఎండు కొబ్బరిమట్టలు రాజేసి, "యా ఇస్తారీ, ఆగ్ దేఖో" అని మంట చూస్తుండమని చెప్పి, బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయాడు.

ఇస్తారి చేతులు ఇస్తారి మాటే వినలేదు. మొదటి డోలును సెగకు పెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ, గోటితో మీటుతూ కాచాడు. తర్వాత రెండోది. ఆపైన మూడోది. మూడూ ఒకే గొంతుతో పలికాయి. నాలుగోది నడుమెత్తు డోలు, మర్జూక్ సొంతది. దాన్ని మంట దగ్గరికి లాగేసరికి ఫొటో గుర్తొచ్చింది. డోలు ముఖాన్ని సెగకు కాకుండా, తేమ నిండిన సముద్రపు గాలి వైపు తిప్పి పెట్టాడు.

"దీన్ని కాచరాండి?" అన్నాడు గంగాధరం.

"అయింది తియ్. నీకేం ఎర్క?"

స్టేజీ మీద మూడు డోళ్లు కణకణమన్నాయి. నాలుగోది తడిసిన బస్తా మీద గుద్దినట్టు బద్దుమంది. పాడుతున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఇస్తారి కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఒక్క పాటసేపే నిలిచింది.

పాట ఆగగానే మర్జూక్ డోలు భుజాన వేసుకుని మంట దగ్గరికొచ్చాడు. "తీన్ డోల్ జైన్. ఏక్ ఖరాబ్. లేష్?" అన్నాడు. మూడు బాగుండి ఒకటే ఎందుకు చెడిందని అడుగుతున్నాడు.

"నహీ మాలూమ్, భాయ్."

తెలియనివాడైతే నాలుగూ చెడగొట్టేవాడని మర్జూక్ అన్నాడు. మూడింటినీ అలా ఒకే గొంతుకు కాచడం తమ ముసలాయనకు కూడా చేతకాదన్నాడు. వచ్చీరాని హిందీలో, కోపం లేకుండానే అన్నాడు. తర్వాత ఎన్నేళ్లు వాయించావని అడిగాడు: "కిత్నా సాల్ బజాయా?"

తొమ్మిదేళ్లుగా ఇస్తారి ఎదురుచూసిన ప్రశ్న అది.

"బీస్" అన్నాడు తల దించుకుని. ఇరవై ఏళ్లు.

మర్జూక్ తల ఊపాడు. తనే మంట ముందు గొంతుక్కూర్చుని డోలు కాచుకున్నాడు. ఇస్తారి చెయ్యి చాపితే మోచేత్తో పక్కకు నెట్టాడు. గోదాములో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మరుసటి శుక్రవారం పికప్ వచ్చింది. మర్జూక్ పిలిచింది ఒక్క గంగాధరాన్నే.

"నిన్నెందుకుర? నీకు తోలేందో తెల్వది, సెగేందో తెల్వది" అన్నాడు ఇస్తారి.

"ఆయ్, నేనూ అదే అన్నానండి. ఏమీ తెలియనివాడే కావాలన్నాడండి!" గంగాధరం పకపకా నవ్వుతూ బండెక్కాడు.

ఇస్తారి టాక్సీ పట్టుకుని మైదానానికి వెళ్లి, తాడు అవతల జనంలో నిలబడ్డాడు. నాలుగు డోళ్లూ నాలుగు దారుల్లో పోతున్నాయి. "రెండోది కాగలే. గీ పెద్దది మస్తు కాగింది" అన్నాడు పైకే. పక్కనున్న ఒమానీ కుటుంబం అతని వంక వింతగా చూసి కొంచెం జరిగింది. మర్జూక్ మాత్రం నవ్వుతూ వాయిస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

పాటల మధ్య విరామంలో మర్జూక్ దిగివచ్చి, హల్వా ఉన్న పళ్లెం గంగాధరం ముందుకు జరిపాడు. మంటకు వీపు కాచుకుంటూ గంగాధరం రెండు వేళ్లతో తీసుకు తింటున్నాడు. ఇస్తారి మర్జూక్‌ను చూడటం మానేసి, గంగాధరాన్నే చూస్తూ నిలబడ్డాడు.