గొర్రె దొంగ మునిమనవరాలు

డెట్రాయిట్ విమానాశ్రయంలో మా అల్లుడి కోసం నిలబడ్డాను. పక్కన డెబ్బై దాటిన ఒక ఐరిష్ వంశపు ఆవిడ అట్టముక్క పట్టుకుని ఉంది. దానిమీద పేరుకు బదులు ‘గొర్రె దొంగ’ అని ఇంగ్లీషులో పెద్దక్షరాలు. ముప్పై ఏళ్లు పత్రికకు శీర్షికలు పెట్టినవాణ్ణి, అడగకుండా ఉండలేకపోయాను.

“మా ముత్తాత అన్నగారు ఐర్లండ్‌లో గొర్రెను దొంగిలించాడు. దొరలు ఓడెక్కించి ఆస్ట్రేలియాకు పంపేశారు. మావాళ్లు సిగ్గుపడి ఆయన పేరే ఎత్తలేదు. ఇవాళ ఆయన మునిమనవరాలు వస్తోంది, మొదటిసారి,” అంది. అంతలోనే అట్టను కిందికి దించి, “ఆవిడకు కోపం వస్తుందంటారా?” అని అడిగింది.

“ఇన్నాళ్లూ దాచింది చాలు, ఎత్తి పట్టుకోండి,” అన్నాను.

కాసేపటికి తెల్లజుట్టు ఆవిడ ఒకరు బయటికొచ్చారు. అట్ట చదివి, నవ్వకుండా సంచిలోంచి ఒక బొమ్మగొర్రెను తీసి ఈవిడ చేతిలో పెట్టారు.

“మీ గొర్రె తెచ్చేశాను. ఇక ఇంట్లోకి రానిస్తారా?”

కావలించుకోవడానికి చేతులు చాలక ఈవిడ అట్టను నాకిచ్చింది. నేను దాన్ని ఎత్తి పట్టుకుని నవ్వుతుంటే మా అల్లుడు ఎదురొచ్చి అట్ట చదివాడు.

“మీ అమ్మాయిని తీసుకెళ్లిపోయినందుకా, మామయ్యా?”