మెడకు కట్టిన మగ్గం రాయి

నెలల తరబడి మెడనొప్పితో ఉన్న మా ఆవిడ రాజమ్మ కుడిచేతి వేళ్లు కూడా మొద్దుబారి, పోగు పట్టు దొరకక జారిపోతుండడంతో తిరుపతి బయలుదేరాము. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పోగూ పోగూ అతికేది ఆమే. ఆ వేళ్లు పనిచేయకపోతే ఇంట్లో మగ్గం ఆగినట్టే.

నగరిలో అయిదున్నర బస్సు. పుత్తూరులో మల్లెపూల గంపతో ఎక్కిన ముసలామె రాజమ్మ మెడ వంకర చూసి, "ఎదురుకాళ్లతో పుట్టినోళ్ల చేత తన్నించు నాయనా, పట్టు వదిలిపోతాది" అన్నది.

"అది మూఢనమ్మకం అవ్వా. ఇది ఎముక అరుగుదల. గ్రంథాలయంలో పుస్తకం తెచ్చి మూడుసార్లు చదివినాను."

"అంత సదివినోడివి, ఆస్పత్రికెందుకు పోతా ఉండావు?"

చుట్టూ నవ్వారు. రాజమ్మ నవ్వలేదు.

ఎనిమిదికి దిగి, బస్టాండు బయట ఇడ్లీ తిన్నాము. ఆస్పత్రికి వెళ్లేవారు ముందు చీటీ రాయించుకోవాలి. ఎముకల డాక్టరు గది దాటాక వెనక వసారాలో వ్యాయామ చికిత్స. తువ్వాలు మనమే తీసుకుపోవాలి. మా వంతు పదకొండుకు వచ్చింది.

చికిత్స చేసే అమ్మాయి, డాక్టరు తీయించిన ఎక్స్‌రే చూసి, ఎముకలు బాగున్నాయంది. తర్వాత మెడకూ భుజానికీ నడుమ కండను బొటనవేలితో వెతికి ఒకచోట నొక్కింది. రాజమ్మ కేకపెట్టి చెవి వెనక పట్టుకున్నది. కండలో ముడి పడితే నొక్కేది ఒకచోట, నొప్పి లేచేది ఇంకొకచోటట. వేడి కాపడం పెట్టి, ముడి మీద వేలు కదలకుండా ఆనించి, అది మెత్తబడ్డాక తలను మెల్లగా పక్కకు వంచింది.

"దినమంతా తలొంచుకుని పనిచేసేవాళ్లకు వచ్చేదే ఇది. గడ్డం కింద చర్మం ఇట్ల కాయ కాసిందేందమ్మా?"

రాజమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను. పుస్తకంలో మెడను బరువుతో సాగదీసే బొమ్మ ఉంది. పడుగు వదులు కాకుండా రాయి వేలాడదీయడం మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పనే. ఆ రాయినే తెచ్చి, ఆమెను మంచం మీద పడుకోబెట్టి, గడ్డానికి పట్టీ కట్టి, ఆ పట్టీకి తలవైపు రెండు నెలలు రోజూ వేలాడదీశాను. వేళ్లు తిమ్మిరెక్కింది ఆ తర్వాతే.

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "కండ నూలు కాదప్పా. అట్ల లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంటాది. ఏమ్మా, నొస్తా ఉండాదని చెప్పలేదా నువ్వు?"

"చెప్పినాను. నొస్తేనే నయమైతాదని పుస్తకంలో రాసుండాదన్నాడు."

పుస్తకంలో ఆ మాట లేదు.

తిమ్మిరి పోతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నది అమ్మాయి. వారానికి మూడుసార్లు రమ్మంది. అంతవరకూ పోగు ముట్టవద్దంది.

మూడింటికి తిరుగు బస్సు ఎక్కాము. మెడనొప్పితో తిరుపతి వెళ్లేవారు నొప్పి మొదలైన వారంలోనే వెళ్లండి. ఆ వసారాలో నేను చూసినంతలో, నొప్పి ఎక్కడో అడిగి, చెప్పింది నమ్మడమే సగం వైద్యం. వడమాలపేట దాటాక కుదుపులకు రాజమ్మ తల ఒరిగిపోతుంటే, ఆపుదామని చెయ్యి చాచాను.

"నువ్వు ముట్టొద్దు" అన్నది, మెల్లగానే. ముందు సీటు కమ్మీ పట్టుకుని, నగరి దాకా తన తలను తానే మోసుకుంటూ కూర్చున్నది.