వెనక కట్టిన పుట్టి

పోయిన ఆదివారం మా మనుమరాలు పంతం పట్టి నన్ను రంగనాయకసాగర్‌కు తీసుకుపోయింది. చంద్లాపూర్ దాటి కట్ట ఎక్కేసరికి నీళ్ళ మీద బోట్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా పోతున్నాయి, ఎక్కినవాళ్ళందరికీ నారింజ రంగు కోట్లు తొడిగారు, ముందు బోటులో ఒకతను ఈల ఊదుతుంటే వెనకవాళ్ళు అటే తిరుగుతున్నారు. మా పిల్లకు ఆ వరుస నచ్చలేదు. గొర్రెల మందలాగా ఇట్లా పోతే మజా ఏముంటుంది, ఒక్క బోటు కిరాయికి తీసుకొని మనిద్దరమే పోతే ఎంత బాగుంటుంది అని సణిగి, నీళ్ళ మీద ఒంటరిగా పోవడం మంచిదా, గుంపుతో పోవడం మంచిదా నువ్వే చెప్పమని నన్ను నిలదీసింది. నేను మోకాళ్ళ నొప్పి వంక పెట్టి కట్ట మీదే కూలబడ్డాను, ఆమె పోయి ఆ వరుసలోనే ఎక్కింది. నా దగ్గర ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే, ఆ రెండింటి నడుమే నా సంసారం మునిగిపోయింది. ఈ మాట ఆ చిన్నదానికి ఏం చెప్పను, నా ఈడు వాళ్ళు మీరైతే వింటారని రాస్తున్నాను.

మా నాయిన సిద్దిపేట బజారులో చేపలు అమ్మేవాడే గాని, పెళ్ళయ్యేదాకా నేను చెరువులో పాదం కూడా తడిపిన దాన్ని కాదు. చిన్నకోడూరు దగ్గర ఒక చిన్న ఊరికి నన్నిచ్చారు. ఆ ఊళ్ళో మా వాళ్ళందరిదీ చెరువు బతుకే, ఇంటింటి ముందూ ఒక పుట్టి బోర్లించి ఉండేది. పుట్టి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు, వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి పెద్ద గంప, దానికి ముందూ వెనకా లేవు, తెడ్డు తెలియని మనిషి ఎక్కితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మొదటిరోజు నేను తిప్పిన తిప్పుడుకు మా ఆయన వల పక్కన పడేసి పొట్ట పట్టుకొని నవ్వాడు. "తెడ్డేస్తున్నవా, పప్పు కలుపుతున్నవా పిల్లా" అన్నాడు. నాకు రోషం వచ్చింది గాని, ఆ మాట కోసమే రెండో రోజు ఇంకాస్త ఎక్కువ తిప్పాను.

అప్పట్లో ఎవరి పుట్టి వాళ్ళది, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు పోయేవారు. తెల్లారగట్ల మేమిద్దరమే పోయేవాళ్ళం, నేను తెడ్డు వేస్తే ఆయన వల విసిరేవాడు. అత్తగారింట్లో కొత్త కోడలికి మొగుడితో నాలుగు మాటలు మాట్లాడే జాగ ఎక్కడుంటుంది, మాకు ఆ జాగ చెరువు నడుమ దొరికింది. మేము తిరిగొచ్చేదాకా మా అత్త మాత్రం కట్ట మీదే కూర్చొని మా పుట్టి ఎటు పోతే అటు కళ్ళు తిప్పుతుండేది, పొయ్యి మీది కూడు మాడినా లేచేది కాదు. ఇంత అనుమానం ఏమిటో ఈమెకని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

తర్వాత మా వాడలోనే ఒక పెద్దాయన ఒంటరిగా పోయి గాలికి పుట్టి తిరగబడి చనిపోయాడు. ఆయనకు ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు, బర్రెలు కాసేవాళ్ళు చూసి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. మా మామ కులపెద్ద. ఆ రోజు శవం దగ్గరే నిలబడి, ఇక మీద ఎవరూ ఒంటిగా పోవద్దు, పోతే అందరం దండుగా పోవాలి, వస్తే అందరం కలిసే రావాలి అని కట్టుబాటు చేశాడు.

ఆ దండు ఎంత బాగుండేదో చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. చెరువంతా నల్లటి పుట్లు తేలుతుంటే, ఈ పుట్టిలోంచి ఆ పుట్టిలోకి మాటలు, వరసైనవాళ్ళ మధ్య పరాచికాలు, ఒకరి సద్దిలోంచి ఒకరికి పచ్చడి. దొరికిన చేపలన్నీ కట్ట మీద ఒక్కచోట పోసి పుట్టికింత అని వాటా వేసేవారు. అందులో మా మామ ఒక మంచి మెలిక పెట్టాడు. నీళ్ళ మీద తేలిన ప్రతి పుట్టికీ వాటా ఉండాలి, లోపల మనిషి ఉన్నా లేకున్నా సరే. అందుకని ఎవరికైనా జ్వరం వస్తే, ఆ ఇంటి ఖాళీ పుట్టిని ఎవరో ఒకరు తాడుతో తమ వెనక కట్టుకొని చెరువంతా తిప్పేవారు. పడుకున్న మనిషి ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ ఖాళీ పుట్టి చాలు. ఇంత మర్యాదగా ఒకరికొకరు పెట్టడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, నలభై కాగితాలు అడిగే ఆఫీసులు మాత్రం చాలా చూశాను.

మా ఆయనకు మాత్రం దండు సరిపడలేదు. అల్లరికి చేపలు అడుగుకు పోతున్నాయని, చేతకానివాళ్ళ కోసం ఆగాల్సి వస్తుందని గొణిగేవాడు. అసలు కోపం నాతో మాట్లాడే జాగ పోయిందనేనని నాకు తెలుసు. ఒకసారి ఇంటికి వస్తూ, "గింతమందిల ఎవనికి ఎవడు కండ్లవడ్తడే" అన్నాడు. నేను పట్టించుకోలేదు. నాకు ఆ సందడి కొత్త, ఇష్టం కూడా.

బిడ్డ పుట్టాక నేను చెరువు మానేశాను, ఆయన ఒక్కడే తెడ్డూ వలా చూసుకుంటూ దండుతో పోయేవాడు. అది వానాకాలం, ఊళ్ళో జ్వరాలు. ఆ రోజు చాలా పుట్ల వెనక ఖాళీ పుట్లు కట్టి ఉన్నాయి. పొద్దు వాలేవేళకు ఉన్నట్టుండి గాలి లేచి, ముందున్న మనిషి కనపడనంత వాన కొట్టింది. అందరూ కట్టకు తిరిగారు. ఆ వానలో మా చిన్నమామకు ఒక ఖాళీ పుట్టి కొట్టుకొస్తూ కనపడింది. జ్వరంతో పడుకున్న ఎవరిదో పుట్టి తాడు తెగి వచ్చిందనుకున్నాడు, పాపం ఎవరి వాటా పోతుందోనని అంత గాలిలోనూ దాన్ని పట్టి తన వెనక కట్టుకొని భద్రంగా తెచ్చాడు. అది మా పుట్టి.

కట్ట మీద మా మామ గొంగడి కప్పుకొని పుట్లను చూసుకుంటున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. "అందరొచ్చిన్రు, ఇగ పాండ్రి" అన్నాడు. పసిపిల్ల ఉన్న ఇల్లు కదా, మావాడు ముందే ఇంటికి ఉరికి ఉంటాడని అనుకున్నాడట. వెనకవాళ్ళు ముందువాళ్ళతో ఉన్నాడనుకున్నారు, ముందువాళ్ళు వెనకవాళ్ళతో వస్తాడనుకున్నారు. ఇంట్లో మా అత్త కూడా కట్ట మీదికి పోవడం ఎప్పుడో మానేసింది. దండుతో పోయాడు కదా, ఇక భయమేముంది. వానకు తడిసి వస్తాడని నేను నీళ్ళు కాగబెట్టి, ఆ వెచ్చదనానికి బిడ్డను పక్కన పడుకోబెట్టుకొని కూర్చున్నాను. నిశ్చింతగా కూర్చున్నాను. ఆ నిశ్చింతే ఇప్పటికీ నన్ను కోస్తుంది.

చీకటి పడ్డాక ఒకరింటికి ఒకరు పోయి అడిగితే గాని మా ఇంటి మనిషి ఒడ్డుకే రాలేదని తెలియలేదు. అప్పటికి గాలి తగ్గలేదు, లాంతర్లు నిలవలేదు. తెల్లారి చెరువు నడుమ మునిగిన తుమ్మచెట్టు దగ్గర దొరికాడు. తన తువ్వాలతో నడుముకూ కొమ్మకూ ముడి వేసుకొని ఉన్నాడు. అంటే పుట్టిలోంచి పడిన వెంటనే పోలేదు. చేతులు జారకుండా కట్టుకొని, దండు వెనక్కి వస్తుందని ఎదురుచూశాడు.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే నేను ఒక్కరినీ చూపించలేను. చిన్నమామ చేసింది ఉపకారం. తర్వాత మా మామ పుట్లను నమ్మడం మానేసి, ఒడ్డుకు వచ్చినవాళ్ళను పేరుపేరునా పిలవడం, పిలిచినవాళ్ళు పలకడం అని కొత్త ఆనవాయితీ పెట్టాడు. మొదటిరోజే, ఇన్నేళ్ళు ఇంట్లో పిలిచిన అలవాటున, వాడ వరసలో మా ఇంటి దగ్గరికి రాగానే నోరు జారి కొడుకు పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆయన అక్కడే కట్ట మీద కూర్చుండిపోయాడు. మళ్ళీ ఎన్నడూ పిలవలేదు, ఆ పని వేరేవాళ్ళు చేశారు.

నేను అంగన్‌వాడీలో కుదురుకొని సిద్దిపేట చేరేదాకా, ఆ దండు మా ఖాళీ పుట్టిని తమ వెనక కట్టుకొని తిప్పింది, మా వాటా మా గడపలో పెట్టింది. ఆయన లేడన్న సంగతిని దాచిన పుట్టే నా బిడ్డకు అన్నం పెట్టింది. తింటుంటే ముద్ద దిగేది కాదు, తినకుంటే పాలు పడేవి కావు. అందుకే ఆ దండును నేను తిట్టలేను, మెచ్చుకోలేను.

ఇప్పుడు ఆ ఊరి చెరువు ఎండాకాలం కూడా కాలువ నీళ్ళతో నిండుగా ఉంటుంది. పుట్లు పోయాయి, థర్మాకోల్ తెప్పల మీద ఎవరికి వారే పోతున్నారు, మెడలో ప్లాస్టిక్ కవర్లో ఫోన్లు. జ్వరం వచ్చినవాడి తెప్పను వెనక కట్టుకొని తిప్పే మనిషి లేడు. కట్ట మీద కూర్చొని కళ్ళు తిప్పే అత్తలు కూడా లేరు.

పొద్దు వాలుతుంటే బోట్లు ఒడ్డుకు వచ్చాయి. ఈల ఊదినతను వాటిని గొలుసుతో కట్టేసి, ఇంకా కూర్చునే ఉన్న నన్ను చూసి, "అందరొచ్చిన్రు అవ్వా, ఇగ లే" అన్నాడు. "బోట్లు చూసినవా బిడ్డా, మొఖాలు చూసినవా" అని అడిగాను. అతను నవ్వి, రెండూ ఒకటే కదా అన్నాడు. దిగి వస్తున్నవాళ్ళలో మా మనుమరాలి మొఖం కనబడ్డది, నా చేయి పట్టుకొని లేపింది. అయినా ఆఖరి మనిషి దిగి మెట్లెక్కేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు. ఎవరి కోసం చూస్తున్నావు అమ్మమ్మా అని ఆమె అడిగింది. మీ తాత కోసం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.