దొరగారి పాత బుడ్డి, మా ఇంటి ఆలత్తి

ఊరంతా కాళ్ళరిగేలా తిరిగి సాధించబోయిన పనిని ఒక కొత్తకోడలు ఒక్క చేతి విసురుతో వీధిలో పారబోయగలదా అని అడిగితే, నిక్షేపంగా పారబోయగలదు. పారబోసినదాన్ని నేనే. ఆ రోజు నా చేతులకు బంగారు గాజులున్నాయి, మెడలో కొత్త పసుపుతాడు ఉంది, బుర్ర ఒక్కటే పుట్టింట్లో మరిచిపోయి వచ్చాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పళ్ళు లేవు గానీ నేనూ నవ్వుతూనే ఉన్నాను.

అరవదేశంలో మదురకు దక్షిణాన నల్లరేగడి సీమలో మా అత్తవారి ఊరు. మా పెద్దలు ఏ కాలంలోనో తెలుగుదేశం నుంచి వచ్చి, ఇక్కడ పత్తీ జొన్నా వేసుకుని స్థిరపడ్డారు. మా మామగారు ఊరి మణియం, అంటే ఊరికి పెద్ద. అప్పుడు కుంపిణీ పాలన. వానకు మా ఊరి చెరువుకట్ట తెగిపోయింది. కట్ట వేయించండి మహాప్రభో అని కచేరీకి ఎన్ని అర్జీలు పెట్టినా ఒకటే జవాబు. నల్లరేగడిలో తడి నిలుస్తుందట, మాకు చెరువుతో పనిలేదట. ఆ జవాబు రాసిన పుణ్యాత్ముడు మా నేలను ఎండాకాలంలో ఎన్నడూ చూసి ఉండడు. చివరికి కలెక్టరు దొరే వస్తున్నాడని కబురు వచ్చింది. దొర మనసు కరిగితే చెరువు. కరగకపోతే ఆడవాళ్ళం మళ్ళీ ఆమడ దూరం నుంచి కడవలు మోయాలి.

పొద్దున్నే మా అత్త నన్ను పిలిచింది. "ఏమే కోడలా, దొర మన గడపకాడికి వస్తా ఉండాడు. ఆలత్తి తియ్యాల. పసుపూ సున్నమూ కలిపి తిన్నెమింద పెట్టు. మరిచిపోతివా, నీ తోలు వలుస్తా."

"మరిచేదానికి ఏముండాది అత్తా," అన్నాను ధీమాగా.

ఆలత్తి అంటే మరేం కాదు, మీరు హారతి అంటారే, అదే. వెడల్పాటి పాత్రలో ఎర్రనీళ్ళు పోసి, తమలపాకు మీద కర్పూరం వెలిగించి, వచ్చిన పెద్దమనిషికి దిష్టి తీసి, ఆ నీళ్ళతోనే నొసట బొట్టు పెట్టి, మిగిలింది వీధిలో పారబోయడం. పసిపిల్ల కూడా చేయగల పని. కానీ ఆ పసిపిల్లకు పక్కనే మా కళ్ళంలో దొరగారి గుడారం లేస్తూ కనిపించకూడదు. నేను గోడ మీంచి తొంగిచూశాను. ఒక మనిషి దొర గుర్రం తోకను దువ్వుతున్నాడు. పెళ్ళినాడు నా జడను కూడా ఎవరూ అంత శ్రద్ధగా దువ్వలేదు. అలా చూస్తూ నిలబడిపోయాను. పసుపు లేదు, సున్నం లేదు, అత్త మాట అసలే లేదు.

నేను గోడకు అతుక్కుపోయి ఉండగా ఇంటి ముందు ఏం జరిగిందో తరువాత తెలిసింది. దొర బట్లరు మా అత్త దగ్గరికి వచ్చాడట.

"అమ్మా, రొంబ వెడల్పుగా ఒక పాత్ర కావాల. దొర గాజుకూజా బండిలో పగిలిపోయినాది."

"దేనికి నాయనా?"

"ఫ్రాన్సు దేశంలో ఒక పాతకాలం జమీను ఉండాదమ్మా. వాళ్ళ తోట ద్రాచ్చపండు పిండి, ఏండ్లకేండ్లు నేలమాళిగలో దాచిన రసం. పుదుచ్చేరి రేవులో దిగినాది. ఈ బుడ్డి ఒకటే మిగిలుండాది. ఇయ్యాల దొర పుట్టిన దినం, రేత్రి భోజనంలో తాగుతారు. అందాకా దానికి కొంచం గాలాడాల."

"రసానికి గాలెందుకు? అదేమన్నా ముసలాయనా?"

"ముసలిదే అమ్మా. దొర కంటే పెద్దది."

పెద్దది అనేసరికి అత్తకు ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఆ మహానుభావుడు సారాయి అన్న మాట నోట రానిస్తేగా. గుడారం పెనంలా కాలుతోందని, తిన్నెమీద నీడలో పెట్టుకోమంది. పాత్ర కూడా ఇచ్చింది. ఏ పాత్ర? ఆలత్తి పాత్రే. ఇంట్లో అంత వెడల్పు ఉన్నది అదొక్కటే మరి. అతను రసం పోసి, కోడికూర చూసుకోవడానికి గుడారానికి పోయాడు. అత్త వంటింట్లోకి పోయింది.

అప్పుడు మోగింది తప్పెట. దొర వస్తున్నాడు. నా గుండె జారి గాజుల్లో పడింది. పరుగున ముందు వాకిట్లోకి వచ్చి చూద్దును కదా, తిన్నెమీద మా పాత్ర, పాత్ర నిండా ఎర్రనీళ్ళు. నా మతిమరుపు తెలిసి అత్తే కలిపి పెట్టింది కాబోలు అనుకున్నాను. నోరు గయ్యాళిదైనా మనసు వెన్న అని కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకున్నాను. రంగు కాస్త ముదురుగా ఉంది. పోనీలే, సున్నం ఎక్కువైంది. పులిసిన వాసన వస్తోంది. పోనీలే, పసుపు పాతది. చూశారా, మూర్ఖురాలికి ప్రతిదానికీ ఒక జవాబు ఉంటుంది.

తమలపాకు వేశాను, కర్పూరం వెలిగించాను. దొర టోపీ తీసి బుద్ధిగా తల వంచాడు. నేను పాత్రను ఆయన ముఖం చుట్టూ భక్తిగా తిప్పి, ఉంగరపు వేలు ముంచి నొసట ఇంత బొట్టు పెట్టాను. మరీ ఎక్కువ ముంచానేమో, చెమటతో కలిసి ఆ బొట్టు ముక్కు మీదుగా జారి మీసంలోకి దిగింది. దొర మర్యాద తెలిసినవాడు, చేత్తో తుడుచుకోలేదు. నాలుకతో అందుకున్నాడు.

ఆ నాలుక లోపలికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. దొర కళ్ళు పెద్దవయ్యాయి.

అప్పటికి నేను వీధిలో ఉన్నాను.

"నిల్లు," అన్నాడు దొర తనకు వచ్చిన అరవంలో. నిలబడమని. నా కాళ్ళు నిలబడ్డాయి. చేతులు నిలబడలేదు.

గాజుగ్లాసు తుడుచుకుంటూ అప్పుడే వచ్చిన బట్లరు వీధిలోనే కూలబడ్డాడు. "ఏమి జేస్తివి తల్లీ? అది దొర రసం. ఆ జమీను తోటలోది."

మామగారి ముఖంలో నెత్తురు లేదు. "రసం గాదురా పోయినాది, మన చెరువు పోయినాది," అన్నారు నెమ్మదిగా. అత్త పోగొట్టింది అడుగోటి కుండ, కోడలు పోగొట్టింది కొత్తకుండ అంటారు. నేను పోగొట్టింది ఏకంగా ఫ్రాన్సు కుండ. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. నేల చీలే ఉంది. మా ఊళ్ళో చిత్తిరై నెలలో, అంటే నడివేసవిలో, దూడ కాలు దిగేంత బీటలు ఉంటాయి.

దొర గబగబా వీధిలోకి వచ్చి వెతికాడు. ఎక్కడైనా ఒక గుంటలో నాలుగు చుక్కలైనా నిలిచాయేమోనన్న ఆశ, పాపం. తడి మచ్చ కూడా లేదు. బీటలోకి చేతికర్ర దించాడు. పిడి దాకా దిగిపోయింది. మోకాళ్ళమీద కూర్చుని నేల వాసన చూశాడు. కలెక్టరు మా వీధి ముందు మోకరిల్లాడని మా ఊరు పక్క ఊళ్ళకు చాలా కాలం చెప్పుకుంది.

అప్పుడు మా అత్త కొంగు దోపుకుని ముందుకు వచ్చింది.

"బట్లరూ, దొరకి చెప్పు. బుడ్డెడు రసం పోస్తిమి. రెప్ప ఏసేలోపల ఈ నేల మింగేసినాది. తడి నిలుస్తాదని కచేరీలో రాసినారు గదా. ఏదీ ఆ తడి? చూపించమను."

బట్లరు ఇంగ్లీషులో చెప్పాడు. దొర బీటలోంచి కర్ర పైకి లాగి, దాని కొన తడిమి చూశాడు. తరువాత ఏదో అన్నాడు.

"దొర చెప్తా ఉండారు," అన్నాడు బట్లరు, కళ్ళు తుడుచుకుంటూ. "ఫ్రాన్సు రసాన్నే వదలని నేల, చెరువు ఇయ్యకుంటే రేపు నా గుర్రాన్ని కూడా మింగుతాది. కట్ట ఏయిస్తాను. అయితే చెరువు నిండినాక ఆ కోడలుపిల్లను కట్టమిందికి రానీయద్దు. దాన్ని కూడా తిప్పి పారబోస్తాది."

అంతా అయ్యాక నేనూ అత్తా పాత్ర తోమబోతే అడుగున రెండు గుక్కలు మిగిలున్నాయి. అత్త ఒక గుక్క తాగి, "దీనికంటే నా చింతపులుసు మేలు," అంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకోమని రెండోది నాకిచ్చింది. ఆ సాయంత్రం మా అత్త జీవితంలో మొదటిసారి నన్ను "బంగారూ" అని పిలిచి, గోడకానుకుని గురకపెట్టింది.

ఆనాడే వెలిగించిన కర్పూరం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఏ ఎర్రనీళ్ళనైనా సరే, ముందు రుచి చూడకుండా ఎవరికీ ఆలత్తి తీయను. ఇప్పటిదాకా ఒట్టు తప్పలేదు. పెళ్ళికీ పురిటికీ, ఎవరింటికి పిలిచినా ముందు నా వేలు పాత్రలోకి, తరువాత నోట్లోకి. పసుపు చేదుకు మొహం వంకరపోయింది, సున్నానికి నాలుక పొక్కింది. అయినా మానలేదు. ఆ ఫ్రాన్సు జమీనువాళ్ళు మాత్రం మళ్ళీ ఒక్కసారైనా నా వేలికి తగల్లేదు, పాపిష్టివాళ్ళు.